తెలంగాణ ఉద్గారాల లెక్క: 2005లో లేని రాష్ట్రానికి బేస్ ఇయర్ ఏది?

మంజీర_22:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేసి, హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో చేరి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు నాకు అప్పజెప్పిన పని తెలంగాణ హరితగృహ వాయువుల లెక్క. 2005 నుంచి 2023 దాకా ఏడాదివారీగా కట్టాలి, అదయ్యాక 2030కీ 2047కీ అంచనాలు వేయాలి. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం) 2006 గైడ్‌లైన్స్ చదివాను. సూత్రం వరకు అర్థమైంది, ఎంత బొగ్గు కాల్చారో, ఎన్ని ఎకరాలు నాటారో, ఎన్ని పశువులున్నాయో తీసుకుని ఒక్కోదాన్నీ దాని ఎమిషన్ ఫ్యాక్టర్‌తో, అంటే టన్నుకో హెక్టారుకో ఎంత వాయువు వస్తుందన్న అంకెతో, గుణించడమే. ఎక్సెల్ తెరిచి కూర్చున్నాకే అసలు కష్టం తెలిసింది.

మొదటి చిక్కు బేస్ ఇయర్, అంటే మిగతా ఏళ్లని పోల్చి చూసే ఆధార సంవత్సరం. 2030 కల్లా జీడీపీలో రూపాయికి పడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామని దేశం మాటిచ్చింది కాబట్టి మా సార్ కూడా 2005 నుంచే కావాలంటున్నారు. 2005లో తెలంగాణ ఎక్కడుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకెలున్నాయి, వాటిని దేని ప్రకారం పంచాలి? జనాభానా, జీఎస్‌డీపీనా (రాష్ట్ర స్థూల ఉత్పత్తి), కరెంటు వాడకమా? ఒక్కోదాంతో ఒక్కో జవాబు వస్తోంది.

రెండోది కరెంటు. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు. పొగ ఇక్కడే వస్తుంది, కరెంటు మాత్రం తమిళనాడు, కర్ణాటక, కేరళలకి కూడా పోతుంది. మొత్తం మన ఖాతాలోనే రాయాలా?

మూడోది వరి. ఇక్కడైతే రాత్రి నిద్ర కూడా పట్టలేదు. 2024 వానాకాలంలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారు, అంటే దాదాపు 26.7 లక్షల హెక్టార్లు. మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చే నివేదికల్లో వాడే ఫ్యాక్టర్లు చూస్తే, మడిలో సీజన్ అంతా నీళ్లు నిలిచి ఉంటే హెక్టారుకి 162 కిలోల మీథేన్, మధ్యలో ఒకసారి ఆరితే 66, చాలాసార్లు ఆరితే 18. ఎకరాలన్నీ నీళ్లలోనే ఉన్నాయనుకుంటే కోటి 21 లక్షల టన్నుల సీఓ2కి సమానం, అన్నీ ఆరుతడే అనుకుంటే పదమూడున్నర లక్షల టన్నులు. అదే పొలం, అదే పంట, తొమ్మిది రెట్ల తేడా! ఏ ఊళ్లో ఎంత మంది నీళ్లు ఆరగడతారో ఏ శాఖ రికార్డులోనూ దొరకలేదు.

ఆఫీసులో ఒకటే మాట, గ్రాఫ్‌లో గీత ఒక్కటే ఉండాలి, చూసేవాళ్లకి అయోమయం ఉండకూడదు అని. తెలియనిదాన్ని తెలిసినట్టు గీయడానికి నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి లెక్కలు చేసినవాళ్లు దారి చెప్పండి ప్లీజ్.

---

పాతలెక్క:

మంజీర గారూ, నేను పన్నెండేళ్లుగా ఇన్వెంటరీ (ఉద్గారాల లెక్క) పనే చేస్తున్నాను, మూడు రాష్ట్రాలవి చూశాను. మీ మొదటి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి.

ఒకే నిష్పత్తితో మొత్తాన్ని పంచొద్దు. రంగం రంగానికీ విడిగా కింద నుంచి కట్టుకుంటూ రండి. వరి, పశువులు, ఎరువులు జిల్లాలవారీగా దొరుకుతాయి, ఆ పాత పది జిల్లాలూ కలిపితే తెలంగాణ. బొగ్గు కేంద్రాలు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి, పంచాల్సిన పనే లేదు. సిమెంటు ఫ్యాక్టరీలూ అంతే. నిష్పత్తితో పంచక తప్పనివి కొన్నే ఉంటాయి, వాటికి మాత్రం ఏది వాడారో పక్క కాలమ్‌లో రాసి పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. పది జిల్లాలు కలిపితే ఇప్పటి తెలంగాణ సరిగ్గా రాదు. ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు 2014లో పోలవరం ముంపు కింద ఆంధ్రాకి వెళ్లాయి. కూనవరం, చింతూరు, వేలేరుపాడు వైపు పొలాలు, అడవి అన్నీ 2005 ఖమ్మం అంకెల్లో ఉంటాయి, 2015 అంకెల్లో ఉండవు. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం కూడా ఆ మండలాలతోనే పోయింది, 460 మెగావాట్లు. అది పొగ రాని కరెంటు కాబట్టి ఉద్గారాల్లో నేరుగా కనపడదు, కానీ యూనిట్‌కి సగటున ఎంత అని లెక్క కట్టేటప్పుడు తేడా కొడుతుంది. ఆ తర్వాత జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. కాబట్టి జిల్లా పేరు చూసి కలపకండి, మండలం స్థాయికి దిగండి. విసుగు పని, నాకు రెండు నెలలు పట్టింది, అయినా వేరే దారి లేదు.

సొంత బేస్ ఇయర్ పెట్టుకోవాలంటే చాలామంది 2014-15 అంటారు. దాంట్లో ఏప్రిల్, మే రెండు నెలలు ఉమ్మడి రాష్ట్రమే. పోనీ 2015-16 తీసుకుందామా అంటే అది ఘోరమైన కరువు ఏడాది, సింగూరు అడుగంటి హైదరాబాద్‌కి మంజీర నీళ్లు ఆగిపోయిన ఏడాది. ఆ ఏడు వరి తక్కువ, జలవిద్యుత్ తక్కువ. దాన్ని ఆధారం చేసుకుంటే తర్వాత వచ్చిన ప్రతి పెరుగుదలా ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది. నన్నడిగితే 2015-16 నుంచి 2017-18 దాకా మూడేళ్ల సగటు పెట్టుకోండి, 2005ని విడిగా, ఇది తిరిగి కట్టిన అంకె అని స్పష్టంగా చెప్పి చూపించండి.

గొర్రెల సంగతి కూడా చెప్పాలి, అందరూ జారిపడేది అక్కడే. పశుగణన అయిదేళ్లకో ఏడేళ్లకో ఒకసారి వస్తుంది. 2012లో తెలంగాణలో కోటి 28 లక్షల గొర్రెలు, 2019లో కోటి 90 లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. మధ్య ఏళ్లకి మామూలుగా సరళరేఖ గీసి పూరిస్తాం. కానీ గొర్రెల పంపిణీ పథకం మొదలైంది 2017 జూన్‌లో, అందుకని 2013లోనూ 2014లోనూ ఆ వేగంతో పెరిగాయనుకోవడం తప్పు. గొర్రెకి ఏడాదికి 4 కిలోల మీథేన్ లెక్కన 2019లో 76 వేల టన్నులు, అంటే 21 లక్షల టన్నుల సీఓ2కి సమానం. చిన్న అంకె కాదు. పథకం ఎప్పుడొచ్చిందో తెలిసిన మనిషి గీసే గీత వేరు, సాఫ్ట్‌వేర్ గీసే గీత వేరు.

ఇంకొకటి. మీరు మీథేన్‌ని సీఓ2లోకి మార్చడానికి 28తో గుణించారు, అది ఐపీసీసీ అయిదో నివేదిక అంకె. పాత నివేదికల్లో 21 ఉంటుంది, కొన్నిట్లో 25. ఎవరి పాత టేబుల్ తెచ్చి అతికించినా ముందు ఇది చూడండి. మీథేన్‌ని టన్నుల్లోనే ఒక షీటులో దాచుకుని, చివర్లో మాత్రమే గుణించండి.

---

గ్రిడ్_రామగుండం:

నేను థర్మల్ ప్లాంట్లలో పని చేసి రిటైర్ అయినవాణ్ణి. అమ్మా మంజీరా, కరెంటు సంగతి నేను చెప్తాను.

రెండు పుస్తకాలు పెట్టుకో. ఒకదాంట్లో రాష్ట్రం గడ్డ మీద ఎక్కడ బొగ్గు కాలిందో అదంతా రాయి, రామగుండం మొత్తం అందులోకి వస్తుంది. 2,600 మెగావాట్లు 75 శాతం పీఎల్‌ఎఫ్‌తో (పూర్తి సామర్థ్యంలో ఎంత నడిచిందన్న లెక్క) నడిచి, యూనిట్‌కి 0.95 కిలోల సీఓ2 అనుకుంటే ఏడాదికి కోటీ 60 లక్షల టన్నులు దాటుతుంది. నీ వరి మడులన్నీ నిండా నీళ్లలో ఉన్నాయనుకుని కట్టిన అంకె కన్నా ఈ ఒక్క స్టేషన్ ఎక్కువ. రెండో పుస్తకంలో రాష్ట్రం వాడుకున్న కరెంటు రాయి, దేశం గ్రిడ్ సగటుతో గుణించు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సీఈఏ ఏటా ఇస్తుంది, 2023-24కి యూనిట్‌కి 0.727 కిలోలు. రెండిటినీ ఎప్పుడూ కూడొద్దు. సిమెంటు ఫ్యాక్టరీ కొన్న కరెంటుని పరిశ్రమల కింద వేసి, అదే కరెంటు పుట్టిన బొగ్గుని విద్యుత్ కింద కూడా వేసిన రిపోర్టు నా కళ్లారా చూశాను.

ఆ 0.727 ఫ్యాక్టర్‌ని వెనక్కి 2005 దాకా లాగకు. దక్షిణాది గ్రిడ్ మిగతా దేశం గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది 2013 డిసెంబర్ 31 రాత్రి, రాయచూర్–షోలాపూర్ లైను మీద. ఆ రోజు కంట్రోల్ రూముల్లో ఉన్న టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అంతకు ముందు సీఈఏ దక్షిణానికి విడిగా ఫ్యాక్టర్ ఇచ్చేది, పాత ఏళ్లకి అదే వాడాలి.

విభజన తర్వాత కూడా జెన్‌కో ప్లాంట్ల కరెంటు 53.89 తెలంగాణకి, 46.11 ఆంధ్రాకి పంచుకున్నారు, ఆ అంకెలు మాకు నోటికొచ్చు. 2017 జూన్‌తో ఆ పంపకం ఆగింది. కాబట్టి వాడకం పుస్తకంలో 2014-17 ఒక ముక్క, ఆ తర్వాత ఒక ముక్క.

బొగ్గుని టన్నుల్లో తీసుకుని నేరుగా ఫ్యాక్టర్‌తో గుణించకు, వేడిలోకి మార్చు. సింగరేణి బొగ్గంతా ఒక్క రకం కాదు, గ్రేడు మారితే కేలరీలు మారతాయి. బూడిద ఎక్కువున్న బొగ్గు ఒక టన్ను, మంచి బొగ్గు ఒక టన్ను ఒకే సీఓ2 ఇవ్వవు. పాల్వంచ థర్మల్ కేంద్రం కేటీపీఎస్‌లో 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 మార్చి దాకా నడిచాయి, అవి తిన్న బొగ్గు వేరు, పక్కనే కట్టిన 800 మెగావాట్ల ఏడో దశ తినేది వేరు. స్టేషన్ సగటు వేసేస్తే ఆ ముసలి యూనిట్లు మూసిన లాభం నీ లెక్కలో కనపడకుండా పోతుంది.

ఇక అంచనాల మాట. యాదాద్రి ప్లాంటుకి 2015 జూన్‌లో శంకుస్థాపన అయింది, అయిదు యూనిట్లు, ఒక్కోటి 800. 2016లో కూర్చుని ఎవరైనా 2020కి అంచనా వేసి ఉంటే నాలుగు వేల మెగావాట్లూ పెట్టేసేవాళ్లు. మొదట జాతికి అంకితమైన యూనిట్ 2024 డిసెంబర్‌లో వచ్చింది. కాగితం మీద తేదీ చూసి ప్లాంటుని ఏ అంచనాలోనూ పెట్టకు. ఒక్కో ప్లాంటుకి అనుకున్న తేదీ ఒకటి, ఆలస్యమైతే ఎప్పుడన్నది ఒకటి, రెండూ పెట్టి రెండు గీతలు గియ్యి. సోలార్ లక్ష్యాలకీ అదే మాట. 2030 కల్లా అదనంగా 20,000 మెగావాట్లు అని 2025 జనవరి పాలసీ చెప్పింది, బాగుంది, రావాలి కూడా. కానీ పాలసీ గీత విడిగా, ఇప్పటిదాకా ఏటా నిజంగా ఎక్కిన మెగావాట్ల వేగంతో గీత విడిగా ఉండాలి.

---

హైవే_జాన్సన్:

లారీల వ్యాపారం మాది. డీజిల్ ఎలా లెక్క కడుతున్నారో తెలుసుకోవచ్చా? రాష్ట్రంలో అమ్మిన లీటర్లని బట్టేనా?

---

మంజీర_22:

అవునండీ, రాష్ట్రాలవారీ అమ్మకాలు కేంద్ర పెట్రోలియం శాఖ విభాగం పీపీఏసీ ఇస్తుంది, లీటరు డీజిల్‌కి 2.68 కిలోల సీఓ2 చొప్పున.

---

హైవే_జాన్సన్:

అయితే మా బళ్లు మీ లెక్కలో సగం కర్ణాటకవి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయి వచ్చే బండి తిరుగు ప్రయాణంలో బాగేపల్లి దగ్గర రెండు ట్యాంకులూ నింపుకోకుండా ఆంధ్రా బోర్డర్ దాటదు, ఎందుకంటే అక్కడ లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ. ఆ డీజిల్ అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ రోడ్ల మీద కాలుతుంది. జహీరాబాద్ వైపు నుంచి బీదర్ పోయే బళ్లూ అంతే. వ్యాట్ మార్చినప్పుడల్లా మేం నింపే బంకు మారుతుంది, బండి తిరిగే కిలోమీటర్లు మాత్రం అవే. అమ్మకాలు తగ్గాయని రవాణా ఉద్గారాలు తగ్గాయని రాసేరు, చూసుకోండి.

---

పాతలెక్క:

జాన్సన్ గారు చెప్పింది చాలా ముఖ్యం. గైడ్‌లైన్స్ ప్రకారం అమ్మిన చోటే లెక్క, దేశాలకైతే అది సరిపోతుంది. రాష్ట్రానికి సరిపోదు. అంకె మార్చక్కర్లేదు మంజీర గారూ, కానీ టోల్ ప్లాజాల బండ్ల లెక్కతో ఒకసారి సరిచూసి, తేడా ఎటువైపు ఉందో రాయండి.

---

యాసంగి_నల్గొండ:

నాకు ఐపీసీసీ తెల్వదు, పొలం తెలుసు. మిర్యాలగూడ దగ్గర ఏడెకరాలు, నాలుగు సాగర్ ఎడమ కాల్వ కింద, మూడు బోరు కింద. చెల్లెమ్మ అడిగిన నీళ్ల ప్రశ్నకి నా పొలంలోనే రెండు జవాబులున్నయి.

కాల్వ కింద మడి వానాకాలంలో ఆరదు. మనం ఆరగడదామనుకున్నా పై మడి నుంచి నీళ్లు దిగుతనే ఉంటయి, కాల్వకి వారబందీ (వంతులవారీగా నీళ్లు) పెడితే తప్ప. పైగా కాల్వ మళ్లీ ఎప్పుడొస్తదోనన్న భయానికి వచ్చినప్పుడే నిండా పెట్టుకుంటం. నల్లరేగడి కదా, నీళ్లు పట్టి ఉంచుతది, కాలు పెడితే మోకాలి దాకా దిగి బుడగలు పైకొస్తయి. ఆ బుడగలే మీరు లెక్క కట్టే మీథేన్ అని మా అబ్బాయి చెప్పిండు.

బోరు కింద చెల్క నేల, ఇసుక పాలు ఎక్కువ. పొద్దున పెట్టిన నీళ్లు మర్నాటికి ఇంకుతయి. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చినంక మోటరు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు కాబట్టి కొంతమంది అసలు ఆరనియ్యరు, బోరులో నీళ్లు తక్కువున్నోళ్లు మాత్రం దినం తప్పి దినం పెడతరు. అంటే బోరు కింద పొలం ఆరుతదా ఆరదా అన్నది ఆ ఏడు భూగర్భ జలం మీద ఆధారపడి ఉంటది. యాసంగిల మార్చి వచ్చేసరికి మా వైపు సగం మడులు నెర్రెలు బారి ఉంటయి. ఎవరూ ఆరుతడి పద్ధతి అని చెయ్యరు, నీళ్లు లేక ఆరుతది.

వెదజల్లే సాగు చేసేటోళ్లు కూడా పెరిగిన్రు, కూలీల ఖర్చుకి. దాంట్లో దమ్ము చేసి నాటేయడం ఉండదు గదా, మొదటి నెల నీళ్లు నిలబెట్టరు.

అందుకని రాష్ట్రం మొత్తానికి ఒక్క అంకె పెట్టకు చెల్లె. కాల్వ ఆయకట్టు వేరు, చెరువు కింద వేరు, బోరు కింద వేరు, వానాకాలం వేరు, యాసంగి వేరు. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు దేని కింద ఉన్నయో పాత పహాణీల నీటి ఆధారం కాలమ్ ఉంటది, వ్యవసాయ శాఖ విస్తరణ అధికారుల (ఏఈఓల) దగ్గర పంట నమోదు కూడా ఉంటది.

---

మంజీర_22:

అన్నా, ఈ ఒక్క పోస్టుకి మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నీటి ఆధారాన్ని బట్టి విడగొట్టవచ్చని నాకు తట్టనే లేదు. కాల్వ కింద వానాకాలానికి 162, చెరువు కింద 66, బోరు కింద 66కీ 18కీ మధ్య, భూగర్భ జల శాఖ నెలనెలా ఇచ్చే నీటిమట్టాన్ని బట్టి మార్చుకుంటూ పోవచ్చు. తొమ్మిది రెట్ల తేడా పోదు కానీ బాగా కుదించుకుపోతుంది.

---

సాక్రమెంటో_సూరి:

కాలిఫోర్నియాలో ఉంటాను, ఇక్కడి ఉద్గారాల డేటా మీద పని చేశాను. రాష్ట్రం స్థాయిలో ఈ పని ఏళ్ల తరబడి చేస్తే ఎలా ఉంటుందో చెప్తాను, పనికొస్తుందేమో.

ఇక్కడ 2006లో ఏబీ 32 అనే చట్టం వచ్చింది, 2020 కల్లా 1990 స్థాయికి రావాలని. అంటే 1990లో ఎంత అన్నదే చట్టబద్ధమైన లక్ష్యం అయిపోయింది. ముందు దాన్ని 427 మిలియన్ టన్నులు అని తేల్చారు. తర్వాత ఐపీసీసీ నాలుగో నివేదిక గుణకాలకి మారినప్పుడు అదే 1990 అంకె 431 అయింది. గతం మారలేదు, కొలిచే గుణకం మారింది. దాన్ని దాచలేదు, ఎందుకు మార్చారో రాసి ప్రచురించారు. 2016లోనే, అంటే నాలుగేళ్లు ముందే, ఆ స్థాయి కిందికి వచ్చారు.

రెండు విషయాలు మీకు నేరుగా పనికొస్తాయి. ఒకటి, కాలిఫోర్నియా బయటి రాష్ట్రాల నుంచి కొనే కరెంటు ఉద్గారాలని కూడా తన లెక్కలోనే వేసుకుంటుంది. లేకపోతే బొగ్గు ప్లాంటుని పక్క రాష్ట్రంలో ఉంచి కరెంటు తెచ్చుకుని మేం శుభ్రం అని చెప్పుకోవచ్చు. కాబట్టి రామగుండం సార్ చెప్పిన రెండు పుస్తకాల్లో వాడకం పుస్తకం ఉత్త అనుబంధం కాదు, రాష్ట్రం తీసుకునే నిర్ణయాలకి అదే దగ్గర. రామగుండంలోనే కట్టిన కొత్త తెలంగాణ ఎన్టీపీసీ 1,600 మెగావాట్లలో 85 శాతం తెలంగాణదే, పాత స్టేషన్ అలా కాదు. పక్కపక్కనే ఉన్న రెండు చిమ్నీలు మీ రెండో పుస్తకంలో వేరువేరుగా కనపడతాయి.

రెండోది, ప్రతి ఏడూ కొత్త అంకెతో పాటు పాత ఏళ్లన్నీ మళ్లీ కడతారు. పద్ధతి మెరుగైతే వెనక్కి 2000 దాకా అన్నీ మారతాయి. పోయినేడు ప్రచురించిన అంకె ఈ ఏడు మారిందంటే పరువు తక్కువ అని ఎవరూ అనుకోరు. మీ ఆఫీసువాళ్లకి ఇది చెప్పండి.

ఇంకో మాట, 2020ని ఆధారం చేసుకుని ముందుకి గీయకండి. లాక్‌డౌన్ ఏడాది. మన దేశం మొత్తం అంకె చూసినా 2019తో పోలిస్తే 2020లో దాదాపు 8 శాతం తగ్గి 2,437 మిలియన్ టన్నులైంది, అడవులు పీల్చుకున్నది తీసేశాక. ఆ తగ్గుదల మార్పు కాదు, ఆగిపోవడం.

---

పాతలెక్క:

సూరి గారి మాటకి ఒకటి కలుపుతాను. అంచనా వేసే ముందు వెనక్కి పరీక్షించుకోండి. 2018 దాకా డేటా మాత్రమే ఉందనుకుని మీ పద్ధతితోనే 2023కి అంచనా వేసి, నిజంగా వచ్చినదాంతో పోల్చండి. నేను ఇదే పని వరికి చేశాను. 2018లో ఉన్న సమాచారంతో చూస్తే వరి పెరుగుదలంతా కాళేశ్వరం పంపింగ్‌తో ముడిపడి ఉంటుందనే అనుకున్నాను. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగి పంపింగ్ ఆగింది, నా మోడల్ ప్రకారం వరి పడిపోవాలి. 2024 వానాకాలంలో రికార్డు పంట వచ్చింది. మంచి వానలు, బోర్లు, మద్దతు ధర మీద కొనుగోలు, సన్నాలకి బోనస్, ఇవేవీ నా సూత్రంలో లేవు. ఆ రోజు నుంచి నేను ఒక్క కారణం మీద ఏ రంగాన్నీ ముందుకి గీయడం లేదు.

జనాభా కూడా చూసుకోండి, మన చేతిలో ఉన్న జనగణన 2011ది. తలసరి అని ఏది రాసినా కింద ఉన్న ఆ అంకె అంచనాయే.

చెత్త సంగతి ఎవరూ ఎత్తలేదు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో ఏళ్ల కిందట పోసిన చెత్త ఇప్పటికీ మీథేన్ ఇస్తూనే ఉంటుంది, కాబట్టి ఈ ఏడు పోసిన టన్నులతో ఈ ఏడు ఉద్గారం కట్టకూడదు, వెనక ఏళ్లన్నీ కావాలి. అది వేరే థ్రెడ్ పెట్టండి, పెద్ద కథ.

---

భీమవరం_చెరువు:

ఇదే పని ఆంధ్రాకి చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఆక్వా చెరువులు వదిలేయకండి. వరి పొలం చెరువైతే వరి మీథేన్ లెక్కలోంచి పోతుంది, రొయ్యల చెరువు ఏ కాలమ్‌లోనూ చేరదు. ఐపీసీసీ 2019 సవరణలో మంచినీటి, ఉప్పదేరిన చెరువులకి హెక్టారుకి ఏడాదికి 183 కిలోల మీథేన్ అని ఇచ్చారు, ఒక సీజన్ వరి ఫ్యాక్టర్ కన్నా ఎక్కువే. 2006 గైడ్‌లైన్స్ దగ్గరే ఆగిపోతే కృష్ణా, పశ్చిమ గోదావరి ఉద్గారాలు కాగితం మీద తగ్గినట్టు వస్తాయి. చెరువు నీళ్లలో గాలి కలుపుతూ రాత్రంతా తిరిగే ఏరియేటర్ల కరెంటు, కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు, అవి వేరే.

---

మంజీర_22:

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు కూర్చుని మొత్తం మళ్లీ మొదలుపెట్టాను. ఏం చేశానో చెప్తాను, తప్పుంటే ఇప్పుడే అనండి.

మండలాల జాబితా తీసుకుని ఏడు మండలాలు వేరు చేశాను. బేస్ మూడేళ్ల సగటు, 2005 విడిగా చుక్కల గీత. కరెంటుకి రెండు షీట్లు, మధ్యలో లింకు లేకుండా. గొర్రెలకి 2012 నుంచి 2017 దాకా మెల్లగా, ఆ తర్వాత నిటారుగా. డీజిల్‌కి అమ్మకాల అంకే ఉంచి, కింద నోట్ రాశాను. యాదాద్రికి రెండు తేదీలు. 2047కి ఒక్క గీత కాకుండా, తక్కువలో తక్కువ అంచనాకీ ఎక్కువలో ఎక్కువ అంచనాకీ మధ్య పట్టీ గీశాను, ఎంత దూరం పోతే అంత వెడల్పు.

నిన్న సార్‌కి చూపించాను. పట్టీ చూసి ముందు ఒప్పుకోలేదు. వరి షీటు తెరిచి 162, 66, 18 పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది రాయమంటారో మీరే చెప్పండి అన్నాను. కాసేపు చూసి, పట్టీ ఉంచమన్నారు. కాకపోతే బోరు కింద పొలాలకి నేను పెట్టిన అంకెకి ఆధారం ఏదని అడిగారు. దానికి ఇంకా నా దగ్గర ఈ థ్రెడ్ తప్ప ఏమీ లేదు. నల్గొండ అన్నా, మీ ఊళ్లో ఒక ఇరవై ముప్పై మడులు సీజన్ మొత్తం చూడనిస్తారా? మడిలో చిల్లుల పైపు పాతి వారానికి రెండుసార్లు నీటిమట్టం కొలిస్తే చాలు, పైపులు నేనే తెస్తాను.

---

యాసంగి_నల్గొండ:

రండి చెల్లె. యాసంగి నాట్లు జనవరి ఆఖరుకి అయిపోతయి, నాటేసిన పది రోజులకి వస్తే పైపులు పాతుకోవచ్చు. కాల్వ కింద పది, చెరువు కింద పది, బోరు కింద పది చూపిస్త. కొలతలు మా అబ్బాయి రాస్తడు, డిగ్రీ అయి ఇంట్లనే ఉన్నడు. బోరు మడుల్లో నీళ్లు ఎప్పుడు పెట్టిన్రో కూడా రాయిపిస్త, లేకపోతే మట్టం చూసినా ఏం తెల్వదు. మార్చిలో మాత్రం తప్పకుండా మీరే ఒకసారి వచ్చి చూడాలె, ఎండేది అప్పుడే.